108 దాటిన తర్వాత

హైదరాబాదు పాతబస్తీ లాల్‌దర్వాజాలో మా మిద్దె మీద సాయంత్రం పూట రేడియో పెట్టుకుని కూర్చోవడం నాకు ఇప్పటికీ అలవాటే. 98.3 దగ్గర మిర్చి, 101.9 దగ్గర రెయిన్‌బో, 102.8 దగ్గర వివిధ భారతి. ఇంకాస్త తిప్పితే 108 దగ్గర ముల్లు ఆగిపోతుంది. గాలిలో మాటలన్నీ అక్కడితో అయిపోయాయని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. అయిపోలేదు. ఆ గీత దాటగానే, 108 నుంచి 117.95 మెగాహెర్ట్జ్ దాకా, విమానాలకు దారి చూపే బీకన్ల ఇలాకా మొదలవుతుంది. దక్షిణాన పహాడీ షరీఫ్ గుట్ట అవతల శంషాబాదులో దిగే విమానాల దీపాలు చీకటి పడ్డాక దూరంగా కనిపిస్తుంటాయి. ఆ విమానాలు వింటున్నది మన పాటలకు పక్కింటి చప్పుడే.

ఆ చప్పుడులో ఏముంది? రేడియో తరంగం ఒట్టిగా వస్తే అందులో సమాచారం ఉండదు. దాని బలాన్నో, ఫ్రీక్వెన్సీనో మార్చుతూ పోతేనే పాటైనా మాటైనా దాని మీదికి ఎక్కుతుంది. ఆ ఎక్కించే పనే మాడ్యులేషన్. పాటల స్టేషన్‌లో ఈ పని స్టూడియోకీ టవర్‌కీ మధ్యనే అయిపోతుంది. యాకుత్‌పురాలో విన్నా గోల్కొండలో విన్నా పాట ఒకటే. బీకన్ సంగతి అది కాదు. ఒకే కేంద్రం, ఒకే తరంగం, కానీ యాకుత్‌పురా మీద ఉన్న విమానానికి వినిపించేది వేరు, గోల్కొండ మీద ఉన్న విమానానికి వినిపించేది వేరు. ఆ తేడాయే సమాచారం. ఆ తేడాను పుట్టించేది చాలావరకు ట్రాన్స్‌మిటర్ పెట్టె కాదు, పెట్టెకూ విమానానికీ మధ్య ఉన్న జాగా. తొంభై ఏళ్లకు పైగా వచ్చిన బీకన్లన్నిటినీ వరుసగా చూస్తే నాకు కనిపించే అసలు కథ ఇదే.

మొదటి మెట్టుకు మాడ్యులేషన్ అవసరం కూడా అంతగా లేదు. మా ఇంట్లో ఒక పాత ట్రాన్సిస్టర్ ఉండేది. మీడియం వేవ్‌లో 738 కిలోహెర్ట్జ్ మీద ఆకాశవాణి హైదరాబాద్ పెట్టి, ఆ పెట్టెను మిద్దె మీద నెమ్మదిగా గుండ్రంగా తిప్పేవాణ్ణి. ఒక కోణం దగ్గర వార్తలు చదివే గొంతు సన్నబడి, దాదాపు మాయమై, ఇంకొంచెం తిప్పగానే మళ్లీ లేచేది. లోపలి ఫెర్రైట్ కడ్డీ కొస స్టేషన్ వైపు గురిపెట్టినప్పుడు గొంతు పడిపోతుంది. కడ్డీ అడ్డంగా ఉన్నప్పుడు నిండుగా పలుకుతుంది. అంటే గొంతు ఎక్కడ పడిపోయిందో చూసుకుంటే, స్టేషన్ ఏ గీత మీద ఉందో తెలిసిపోతుంది. గీత మీద ముందుందా వెనకుందా అన్నది మాత్రం తెలియదు. విమానంలో ముల్లుతో దిక్కు చూపే ఏడీఎఫ్ అనే పరికరం చేసేదీ ఇదే. ముందూ వెనకల తేడా తేల్చడానికి దానికి ఇంకొక ఏరియల్ తోడుంటుంది.

నేల మీద దీనికి జోడీ ఎన్‌డీబీ. సాధారణంగా 190 నుంచి 535 కిలోహెర్ట్జ్ మధ్య, అన్ని దిక్కులకూ సమానంగా, మార్పులేని తరంగాన్ని పంపుతూ ఉంటుంది. దాని మీద ఎక్కించేది తన పేరు మాత్రమే. 1020 హెర్ట్జ్ లేదా 400 హెర్ట్జ్ స్వరంలో, మోర్సు చుక్కలూ గీతలుగా రెండు మూడు అక్షరాలు. దిక్కు కనిపెట్టే శ్రమంతా విమానానిదే. కాబట్టి ఏడీఎఫ్‌కు బీకన్ అయినా ఒకటే, పాటల స్టేషన్ అయినా ఒకటే. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీదికి వచ్చిన జపాన్ విమానాలు హొనొలులు రేడియో సంగీతాన్నే ముల్లుకు గురిగా పెట్టుకున్నాయి.

హైదరాబాదుకు రేడియో తొందరగానే వచ్చింది. 1933లో చిరాగ్ అలీ లేన్‌లో 200 వాట్ల కేంద్రం మొదలైంది, 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. విమానాలూ వెనకబడలేదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటాల కాలమంటే ప్రపంచమంతటా ఈ ముల్లు కాలమే. ఆ ముల్లుకు ఒక పెద్ద జబ్బుంది. పొద్దు గూకాక ఆకాశంలోని అయనోస్ఫియర్ నుంచి తిరిగొచ్చే తరంగాలు నేల వెంట వచ్చేవాటితో కలిసి ముల్లును ఊగిసలాడిస్తాయి. ఉరుములున్నప్పుడైతే మరీ కష్టం. ఆషాఢంలో బోనాల రోజుల్లో మబ్బు మెరిసినప్పుడల్లా మా ట్రాన్సిస్టర్ టపటపమనేది. ఆ టపటపే విమానంలో ముల్లును బీకన్ మీది నుంచి లాగి ఉరుము మబ్బు వైపు తిప్పుతుంది. ఏ మబ్బుకు దూరంగా పోవాలో సరిగ్గా దాన్నే చూపిస్తుందన్నమాట.

అందుకే ఇంజనీర్లు దిక్కును తరంగంలోనే కూర్చాలని చూశారు. అమెరికాలో 1920ల చివర మొదలైన పద్ధతిలో ఒక జత ఏరియళ్లు మోర్సులో ‘ఎ’ అక్షరాన్ని, అంటే చుక్క-గీతను, ఇంకొక జత ‘ఎన్’ను, అంటే గీత-చుక్కను, వేరువేరు వైపులకు పంపేవి. రెండూ సమానంగా వినిపించే సరిహద్దు మీద ఒకదాని ఖాళీని ఇంకొకటి పూడ్చేస్తే చెవిలో ఎడతెగని ఒకే స్వరం మిగిలేది. ఆ స్వరమే దారి. జర్మనీలో లోరెంజ్ కంపెనీ 1930లలో చుక్కలు ఒక వైపు, గీతలు ఇంకొక వైపు పెట్టి విమానాలు దిగడానికి ఇదే ఎత్తు వేసింది. 1940లో అదే ఎత్తు ఇంగ్లండు నగరాల మీద బాంబులు వేయడానికి పనికొచ్చింది. రెండు ప్రసారాలను గాలిలో కలిపి, ఆ కలయిక జాగాను బట్టి మారేటట్టు చేయడం ఇక్కడే పుట్టిందని నా లెక్క. చిక్కల్లా ఒకటే. దారులు నాలుగే, లేకపోతే ఒకటే. పైలట్‌కు కావలసింది 360 దారులు.

ఆ 360 దారులను ఇచ్చింది వీఓఆర్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. దీన్ని అర్థం చేసుకోవడానికి చార్మినార్ ఒక్కటి చాలు. పైన రెండు దీపాలు ఉన్నాయనుకుందాం. ఒకటి ఊరంతటికీ ఒకేసారి తళుక్కుమనేది. రెండోది సన్నని వెలుగుకట్టగా గుండ్రంగా తిరిగేది, చుట్టుకు 12 సెకన్లు. తిరిగే వెలుగు సరిగ్గా ఉత్తరాన, నయాపూల్ వైపు చూసిన క్షణంలో మొదటి దీపం తళుక్కుమంటుంది. ఆ తళుకు చూసిన దగ్గర నుంచి వెలుగుకట్ట తన మీద పడేదాకా ఎవరికి వారు లెక్కపెట్టుకోవాలి. యాకుత్‌పురాలో ఉన్నవాడికి మూడు సెకన్లు పడుతుంది. ఫలక్‌నుమా మెట్ల మీది వాడికి ఆరున్నర, గోల్కొండ బురుజు మీది వాడికి తొమ్మిదిన్నర. చార్మినార్ ఎవరికీ ఏమీ ప్రత్యేకంగా చెప్పలేదు. అందరికీ ఒకటే చూపింది. ఎవరి దిక్కు వాళ్లకు దొరికింది.

వీఓఆర్‌లో ఈ తిరుగుడు సెకనుకు 30 చుట్లు. ఏరియల్ ప్రసార ఆకృతి తిరుగుతుంటే, ఒక చోట ఉన్న విమానానికి తరంగం బలం సెకనుకు 30 సార్లు పెరిగి తగ్గుతుంది. అంటే 30 హెర్ట్జ్ స్వరం బలం రూపంలో, ఏఎమ్ పద్ధతిలో, దానంతట అదే ఎక్కిపోయింది. దాన్ని ఎక్కించింది తిరుగుడే, మాడ్యులేటర్ కాదు. ఇక అందరికీ ఒకేలా వినిపించాల్సిన రెండో 30 హెర్ట్జ్ స్వరం ఉంది. రెంటినీ బలం రూపంలోనే పంపితే కుదరదు. ఒకే రంగు దారాలు రెండు కలిపి పేనితే మళ్లీ విడదీయగలమా? అందుకని రెండోదానికి వేరే రంగు పూశారు. ముందుగా 9960 హెర్ట్జ్ ఉపవాహకాన్ని తీసుకుని, దాని ఫ్రీక్వెన్సీని సెకనుకు 30 సార్లు 480 హెర్ట్జ్ పైకీ కిందికీ ఊపారు. అంటే ఎఫ్ఎమ్. ఆ ఊగే ఉపవాహకాన్ని తీసుకెళ్లి అసలు తరంగం మీద 30 శాతం లోతున బలం రూపంలో ఎక్కించారు. విమానంలోని రిసీవర్ ఒక వైపు ఏఎమ్ 30ని, ఇంకొక వైపు 9960లో దాగిన ఎఫ్ఎమ్ 30ని విప్పి, రెంటి ఫేజుల తేడా, అంటే ఒకటి ఇంకొకదానికి ఎంత వెనకబడిందో, చూస్తుంది. 90 డిగ్రీల తేడా ఉంటే నువ్వు బీకన్‌కు తూర్పున ఉన్నట్టు. ఉత్తరమంటే ఇక్కడ దిక్సూచి చూపే ఉత్తరం. హైదరాబాదులో దానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ దరిదాపుల్లోనే కాబట్టి మనకు పెద్ద పట్టింపు లేదు.

     

మామూలు వీఓఆర్‌కు దక్కన్ లాంటి నేల పడదు. గుట్టలు, బండరాళ్లు, వాటి మధ్య ఇళ్లు. తరంగం నేరుగా ఒకసారి, గుట్టను తాకి ఇంకోసారి వస్తే రెండు బలాలు కలిసిపోయి ఏఎమ్ స్వరం ఫేజు తప్పుతుంది. ఒక డిగ్రీ తప్పితే మహబూబ్‌నగర్ అంత దూరంలో, అంటే 100 కిలోమీటర్ల దగ్గర, దారి 1.7 కిలోమీటర్లు పక్కకు పోతుంది. దీనికి కనిపెట్టిన మందు డాప్లర్ వీఓఆర్, అంటే డీవీఓఆర్. రేడియో దారిచూపులో ఇంతకన్నా అందమైన ఆలోచన నాకు కనిపించలేదు.

దూరం నుంచి చూస్తే డీవీఓఆర్ ఒక పెద్ద గుండ్రని అరుగులా ఉంటుంది. పైన లోహపు జాలీ పరచి ఉంటుంది. నడుమ ఒక ఏరియల్, దాని చుట్టూ దాదాపు 13.4 మీటర్ల వ్యాసం గల వలయంలో చిన్న గొడుగుల్లా 48 ఏరియళ్లు. నడిమి ఏరియల్ అందరికీ ఒకేలా, 30 హెర్ట్జ్ ఏఎమ్‌తో ప్రసారం చేస్తుంది. దిక్కు చెప్పే పని వలయానిది. వలయంలోని ఏరియళ్లను వరుసగా ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి ఆర్పుతూ పోతే, తరంగం పుట్టే చోటు సెకనుకు 30 చుట్లు తిరుగుతున్నట్టే. చుట్టుకొలత 42 మీటర్లు. 30తో హెచ్చిస్తే వేగం సెకనుకు దాదాపు 1260 మీటర్లు, ధ్వని కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. నిజానికి అక్కడ ఒక్క మర కూడా కదలదు, కదిలేది స్విచ్చి ఒక్కటే. రైలు దగ్గరికొస్తుంటే కూత సన్నబడి, దూరమవుతుంటే బొంగురుపోయినట్టు, ఆ తిరిగే పుట్టుచోటు విమానం వైపు వస్తున్నప్పుడు ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, వెనుదిరిగినప్పుడు తగ్గుతుంది. ఎంత? 113 మెగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు 2.65 మీటర్లు. 1260ని దానితో భాగిస్తే 475 చిల్లర హెర్ట్జ్. మామూలు వీఓఆర్‌లో ఎలక్ట్రానిక్ సర్క్యూట్‌తో పుట్టించిన ఆ 480కి దాదాపు సరిసమానం. వలయాన్ని అంత వ్యాసంతో కట్టిందే దానికోసం.

అంటే ఏం జరిగింది? పాత పద్ధతిలో ఏఎమ్ దిక్కు చెప్పేది, ఎఫ్ఎమ్ ప్రమాణంగా నిలిచేది. డీవీఓఆర్‌లో రెండూ పనులు మార్చుకున్నాయి. దిక్కు ఇప్పుడు ఎఫ్ఎమ్‌లో ఉంది, ఎఫ్ఎమ్ గుట్టల ప్రతిధ్వనికి అంత తొందరగా లొంగదు. పనులు తారుమారైనందుకు తిరిగే దిశను కూడా అపసవ్యంగా తిప్పారు. దాంతో విమానంలోని రిసీవర్‌కు తేడాయే తెలియదు. 1950లలో కొన్న పెట్టె కూడా కొత్త బీకన్‌ను పాతదిలాగే చదువుతుంది. ఈ రంగంలో మాడ్యులేషన్ పద్ధతులు ఎందుకంత మొండిగా బతుకుతాయని అడిగేవాళ్లకు నా జవాబు ఇదే. నేల మీద ఒక కేంద్రం మార్చడం తేలిక. ప్రపంచంలోని విమానాలన్నిటిలోనూ పెట్టె మార్చడం అయ్యే పని కాదు. 1978లో మైక్రోవేవ్ ల్యాండింగ్ వ్యవస్థను అంతర్జాతీయ ప్రమాణంగా ఎంచుకున్నా, అది చాలావరకు కాగితం మీదే మిగిలింది.

ఇక దిగడం. శంషాబాదు రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. మొదటిది 4260 మీటర్లు, 2008 మార్చి 23న విమానాశ్రయంతో పాటే వాడుకలోకి వచ్చింది. తుక్కుగూడ వైపు నుంచి పడమర ముఖంగా దిగే విమానానికి దారి చూపేది ఐఎల్‌ఎస్. రన్‌వే అవతలి కొసలో వరుసగా నిలబెట్టిన ఏరియళ్ల కంచె ఒకటి ఉంటుంది, దాని పేరు లోకలైజర్. అది రెండు స్వరాలు పంపుతుంది, 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్. దిగే పైలట్‌కు ఎడమన 90 బలంగా, కుడిన 150 బలంగా ఉంటుంది. మన పాతబస్తీ ఆ పైలట్‌కు కుడి చేతి వైపు, అంటే 150 వైపు. నడిగీత మీద రెండు స్వరాల మాడ్యులేషన్ లోతు సమానం, తేడా సున్నా. ముల్లు నడిమికి వస్తుంది.

చూడాల్సిన మెలిక ఏమిటంటే, పోల్చేది తరంగం బలాన్ని కాదు, లోతుల తేడాను. వాన పడినా, విమానం దూరంగా ఉన్నా రెండు స్వరాలూ కలిసే బలహీనపడతాయి, తేడా చెడదు. ఆ తేడాను పుట్టించే తీరు ఇంకా గడుసైనది. క్యారియర్‌తో, అంటే స్వరాలను మోసే అసలు తరంగంతో పాటు, రెండు స్వరాలనూ సమానంగా పంపే ప్రసారం ఒకటి. క్యారియర్ లేకుండా, మాడ్యులేషన్ వల్ల దాని పక్కన పుట్టే అలలే, ఎడమన ఒక ఫేజులో, కుడిన ఎదురు ఫేజులో పంపేది ఇంకొకటి. రెండూ కలిసేది విమానం ఉన్న చోటనే. ఎడమన 90కి కూడిక, 150కి తీసివేత. కుడిన తలకిందులు. అసలు మాడ్యులేషన్ పూర్తయ్యేది గాలిలోనే.

నిలువుగా దారి చూపే గ్లైడ్ స్లోప్ 329 నుంచి 335 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. పైన 90, కింద 150. మామూలుగా 3 డిగ్రీల వాలు, అంటే కిలోమీటరుకు 52 మీటర్ల దిగుడు. దీని ఏరియల్ ముందున్న నేలనే అద్దంగా వాడుకుంటుంది. నేరుగా పోయిన తరంగమూ, నేల నుంచి ఎగిరినదీ కలిసి ఆ వాలును గీస్తాయి. గడ్డి ఏపుగా పెరిగినా, నీళ్లు నిలిచినా గీత కదలవచ్చు. యంత్రంలో సగం మట్టితో చేసినదే అనాలి.

జాగా మాడ్యులేటర్ అయినప్పుడు, జాగాలోకి వచ్చిన ప్రతిదీ మాడ్యులేటర్‌లో భాగమే. 2011 నవంబరు 3న మ్యూనిక్‌లో ఒక బోయింగ్ 777 ఆటోపైలట్ మీద దిగుతోంది. అదే రన్‌వే నుంచి అప్పుడే లేచిన ఇంకొక విమానం లోకలైజర్ ముందునుంచి పోయింది. గీత వంగింది, వంగిన గీతనే ఆటోపైలట్ నమ్మింది. 777 రన్‌వే దిగి గడ్డిలోకి పోయింది. ప్రాణనష్టం జరగలేదు. పరికరంలో ఏ లోపమూ లేదు, గాలిలోనే తప్పు జరిగింది. మన ఎఫ్ఎమ్ స్టేషన్లు కూడా ఇదే గాలిలో ఉన్నాయి. 108కి ఇవతలి పాటలు ఒకదానితో ఒకటి కలిసి అవతలికి తొణకకుండా, 1998 నుంచి విమానాల రిసీవర్లు ఎఫ్ఎమ్‌ను తట్టుకోగలగాలని అంతర్జాతీయ నియమం పెట్టారు.

ఇప్పటిదాకా చూసినవి దారి చెబుతాయి, దూరం కొలిచే డీఎంఈ అనే పరికరంలో మాత్రం స్వరాలు ఉండవు. విమానం 12 మైక్రోసెకన్ల ఎడంతో రెండేసి పల్సులు పంపుతుంది. నేల మీది పెట్టె సరిగ్గా 50 మైక్రోసెకన్లు ఆగి, 63 మెగాహెర్ట్జ్ అటో ఇటో జరిగి జవాబిస్తుంది. పోయి వచ్చిన కాలమే దూరం. నూరు విమానాలు ఒకేసారి అడుగుతుంటే ఎవరి జవాబు ఎవరిది? ప్రతి విమానమూ తన పల్సులను ఒక క్రమం లేకుండా పంపుతుంది, ఆ క్రమం లేనితనానికి సరిపోయే జవాబులనే ఏరుకుంటుంది. దిగే దారి మధ్యలో నిట్టనిలువుగా 75 మెగాహెర్ట్జ్ పంపే మార్కర్ల పని ఇప్పుడు ఎక్కువగా డీఎంఈయే చేస్తోంది.

వీఓఆర్, ఐఎల్‌ఎస్‌లలో అసలు స్వరాల పక్కన ఇప్పటికీ 1020 హెర్ట్జ్‌లో మోర్సు పేరు వినిపిస్తూ ఉంటుంది. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జూలైలో ఆగిపోయింది, ఈ చుక్కలూ గీతలూ ఆగలేదు. బీకన్ మరమ్మతులో ఉంటే ఆ పేరు తీసేస్తారు. ముల్లు కదులుతున్నా పేరు వినపడకపోతే నమ్మకూడదు. అన్ని లెక్కల మీదా చెవికి చివరి మాట ఇచ్చిన ఆ పద్ధతి అంటే నాకు గౌరవం.

ఇన్ని ఏరియళ్లు, ఇంత నేల ఎందుకు, ఉపగ్రహాలు ఉన్నాయిగా అంటారు. ప్రశ్న సబబే. జీపీఎస్ ఉపగ్రహాలన్నీ 1575.42 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడతాయి. 1023 ముక్కల సంకేతమాలను ప్రతి మిల్లీసెకనుకూ తిరిగి వల్లిస్తూ, ఒక్కో ఉపగ్రహం ఒక్కో మాలతో, తరంగం ఫేజును అటూఇటూ తిప్పుతూ ఉంటాయి. ఇక్కడా అందరికీ ఒకటే సంకేతం, ఎవరి చోటును బట్టి వాళ్లకు చేరే కాలం వేరు. చార్మినార్ దీపం లెక్కే ఆకాశానికి ఎక్కింది. దాన్ని సరిదిద్దే మన గగన్ వ్యవస్థతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ప్రయాణికుల విమానం దిగింది. మన అక్షాంశాల్లో పొద్దు గూకాక కలతపడే అయనోస్ఫియర్ ఆ లెక్కను ఎంత చెడగొడుతుందో తేల్చడంలో తెలుగువాళ్ల కష్టం చాలా ఉంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఇక్కడ ఉస్మానియాలో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ కోసమే పెట్టిన నెర్టు కేంద్రం ఏళ్ల తరబడి కొలిచాయి. ముల్లును ఊపిన అయనోస్ఫియరే ఉపగ్రహాలనూ వదల్లేదు.

అయితే 20,000 కిలోమీటర్ల నుంచి వచ్చేసరికి జీపీఎస్ తరంగం పరిసరాల రొద కంటే బలహీనంగా ఉంటుంది. దాన్ని నొక్కేయడానికి, దాని వేషం వేయడానికి పెద్ద ట్రాన్స్‌మిటర్ అక్కర్లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు ఢిల్లీలో ఉపగ్రహాల ఆధారంగా దిగుతున్న విమానాలకు దొంగ సంకేతాలు ఎదురయ్యాయని చెప్పారు. జోక్యం నమోదైన విమానాశ్రయాల్లో హైదరాబాద్ పేరు కూడా ఉంది. నేల బీకన్ల మీద నడిచే రన్‌వేలకు ఇబ్బంది రాలేదనీ, వాటిలో కనీస సంఖ్యను కాపాడుకుంటామనీ అదే సమాధానంలో ఉంది. బీకన్లకు తాళం ఉందని కాదు. 2019లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐఎల్‌ఎస్ స్వరాలను కూడా నకలు చేయవచ్చని ప్రయోగశాలలో చూపించారు. ఏఎమ్ స్వరానికి సంతకం ఉండదు. కానీ ఒకే దొంగ రెండు వేరు తలుపులూ ఒకేసారి తీయడం కష్టం. అందుకే కనీస సంఖ్య అన్న మాటను పిసినారితనంతో లెక్కించకూడదనే నా అభిప్రాయం. చాంద్రాయణగుట్టలో డీఎల్‌ఆర్‌ఎల్ లాంటి రక్షణ ప్రయోగశాల ఉన్న నగరానికి, గాలిలో ఏ తరంగం ఎవరిదో పట్టడం ఎంత పనో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఇంకొక దిగులు నన్ను వదలదు. బీకన్‌ను కాపాడటం అంటే దాని ముందున్న జాగాను కూడా కాపాడటమే. విమానాశ్రయాల చుట్టూ కట్టడాల ఎత్తును, బీకన్ల పరిసరాలను 2015 నియమాలు కట్టడి చేస్తాయి. నిర్ణీత ఎత్తు దాటాలంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి కావాలి. కొలతల విమానం నిర్ణీత గడువుల్లో వచ్చి, బీకన్ చుట్టూ తిరిగి గీతలు వంగాయో లేదో చూసిపోతుంది. మా మిద్దె మీద నుంచి దక్షిణానికి చూస్తే పదేళ్ల కింద గుట్టలు కనిపించేవి, ఇప్పుడు క్రేన్లు కనిపిస్తున్నాయి. మ్యూనిక్‌లో అడ్డం వచ్చింది విమానం, కొద్ది సెకన్లలో వెళ్లిపోయింది. కట్టడం వెళ్లిపోదు.